సూది వేసిన గొర్రె

మా అత్తమ్మకు పెన్సిలిన్ పడదు. వయసులో ఉన్నప్పుడు గురజాల ఆసుపత్రిలో ఆ సూది వేస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గొంతు మూసుకుపోయి, చావు దాకా వెళ్ళి వచ్చిందట. అప్పటి నుంచి ఏ డాక్టరు ముందు కూర్చున్నా తన పేరు కంటే ముందు ఆ మాటే చెబుతుంది. జ్వరానికి మాత్రలు తెచ్చినా అట్ట నా చేతికిచ్చి, మందు పేరు పైకి చదివించుకున్నాకే మింగుతుంది.

మాచర్లలో మాది మాంసం దుకాణం, వెనకే ఇల్లు. మామయ్య పోయాక కత్తులు మావారి చేతికి వచ్చాయి, గల్లా దగ్గర కూర్చోవడం నా పని అయింది. ఇంటర్ దాకా చదివాను కాబట్టి లైసెన్సు కాగితాలు, మున్సిపాలిటీ నోటీసులు చదవడం కూడా నాకే వచ్చి పడింది. ఆ పని ఇష్టమని చెప్పను. ఎవరో ఒకరు చదవాలి కదా అని చదివేదాన్ని.

ఒక ఆదివారం బేరం అయ్యాక మావారు కార్జం, గుర్దాలు అత్తమ్మ కోసం పక్కన పెట్టి తెచ్చారు. ఆమెకు మిరియాలు దట్టంగా వేసి, నీరు పూర్తిగా ఇగిరేదాకా వేయించాలి. అలాగే వేయించి పెట్టాను. రెండు రొట్టెలతో తిన్నది. చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ, "ఏమే, పెదాలు జిలగా ఉన్నయ్యేంది?" అంది. మిరియాలు ఎక్కువయ్యాయేమో అనుకున్నాను. నేను కంచం తీసుకెళ్ళి వచ్చేసరికి కింది పెదవి ఉబ్బి వేలాడుతోంది. మెడ మీద, చేతుల మీద ఎర్రటి దద్దుర్లు. ఆమె నా చెయ్యి పట్టుకుని, "అదే, అప్పటిదే ఇది" అన్నది. ఆమె కళ్ళలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు.

ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాం. ఆ స్థితిలోనూ అత్తమ్మ ముందు పెన్సిలిన్ మాటే చెప్పింది. డాక్టరు వెంటనే సూది వేసి, ఆక్సిజన్ పెట్టాడు. ఊపిరి కుదుటపడ్డాక మమ్మల్ని బయటికి పిలిచి అడిగాడు.

"నిన్నా ఇవాళా ఏమన్నా ఇంజెక్షన్ వేయించారా?"

"లేదు సార్."

"కొత్త మాత్రలు?"

"బీపీ మాత్ర ఒక్కటే. ఏళ్ళ నుంచి వేసుకునేదే."

"మరి ఏం తిన్నారు?"

చెప్పాను. ఆయన, "మాంసం ఎక్కడ కొన్నారు?" అన్నాడు.

మావారు తల వంచుకుని, "మా దుకాణమే సార్" అన్నారు.

"ఇదే కారణమని నేను గట్టిగా చెప్పలేను. కానీ జబ్బు చేస్తే గొర్రెలకు కూడా పెన్సిలిన్ లాంటి ఈ మందులే వేస్తారు. వేసిన తర్వాత కొన్నాళ్ళు ఆగకుండా కోస్తే మందు మాంసంలో మిగిలిపోతుంది. లివర్లో, కిడ్నీల్లో, అంటే మీ కార్జం, గుర్దాల్లో ఇంకా ఎక్కువ. వేయించినా పూర్తిగా పోదు."

ఆమెను వార్డులో ఉంచి నేను బట్టల కోసం ఇంటికి వెళ్తుంటే మావారు ఆసుపత్రి మెట్ల మీద ఆపారు. "మెడ దగ్గర కండ కొంచెం పసుపు రంగులో, నీరు పట్టినట్టు కనపడిందే. ముల్లు గుచ్చుకుందేమో అనుకొని అంతవరకు కోసి పారేశా. అది సూది వేసిన చోటేమో" అన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా మాంసం కోసిన చెయ్యి ఆయనది. ఆ చెయ్యే పోల్చుకోలేకపోయింది. మనిషి బతికింది, ముందు ఆ సంగతి చూద్దామనుకున్నాను.

అత్తమ్మ ఇంటికొచ్చాక, మావారు ఆ గొర్రెను కొన్న మందను వెతుక్కుంటూ ఇద్దరం బండి మీద వెల్దుర్తి వైపు వెళ్ళాం. పత్తి తీసేసిన చేలో మంద నిలిపి ఉంది. కాపరి పెద్దమనిషి. మా మామయ్య కాలం నుంచి మాకు గొర్రెలు అమ్మేవాడు. మమ్మల్ని చూసి, మంద చుట్టూ కట్టిన వల పక్కనే కంబళి పరిచి కూర్చోమన్నాడు. జరిగింది చెబితే నోరు తెరుచుకుని విన్నాడు.

"అయ్యో, ముసలమ్మ బాగుందా ఇప్పుడు?"

"బాగుంది. ఆ గొర్రెకు సూది వేశావా పెద్దయ్యా?"

"వేశా. ముక్కు కారతా, దగ్గుతా ఉంటే వెయ్యనా? తప్పేంది?"

"వెయ్యటం తప్పు కాదు. ఎప్పుడు వేశావు?"

"ఈ సాయిబు కొనటానికి రాకముందు రోజు."

"మరి ఆ మాట చెప్పలేదేం?"

"చెబితే కొంటాడా?"

"కొనను" అన్నారు మావారు.

"మరింకేంది" అన్నాడు ఆయన. దబాయింపుగా అన్న మాట కాదు. ఉన్న సంగతి చెప్పాడంతే.

మందు సీసా చూపించమన్నాను. సంచిలోంచి తీసి ఇచ్చాడు. ఇంగ్లీషులో, చీమల్లాంటి అక్షరాలు. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదివాను. పెన్సిలిన్ మందే. అది వేసిన జీవాన్ని ఇన్ని రోజుల దాకా మాంసానికి వాడకూడదని అందులో ఉంది. ఆయనకు చదివి చెప్పాను.

"మందుల కొట్టు వాడు సీసా ఇచ్చాడు, సూది ఇచ్చాడు. ఆగమని మాత్రం చెప్పలా" అన్నాడు.

"ఇప్పుడు తెలిసింది గదా. ఇక సూది వేసినదాన్ని మాకు అమ్మబాక."

"మీకు అమ్మను తల్లీ. మీ అత్తమ్మ మీద ఒట్టు. ఇంకోడికి అమ్ముతా. జబ్బు చేసినదాన్ని నెల రోజులు కూర్చోబెట్టి మేపి, అది కాస్తా చస్తే నా గతేంది?"

తిరిగొచ్చేటప్పుడు దారంతా ఆ మాటే నా చెవిలో ఉంది. మా ఇంటికి రాని గొర్రె ఇంకో దుకాణానికి వెళ్తుంది. అక్కడ కొన్నవాళ్ళింట్లో ఎవరికి ఏది పడదో ఎవరికి తెలుసు? మా అత్తమ్మకైతే తన ఒంటి సంగతి తెలుసు, డాక్టరుకు చెప్పగలిగింది. తెలియని మనిషైతే? ఆ రోజే మనసులో గట్టిగా అనుకున్నాను, దీన్ని మా దుకాణంతో వదిలెయ్యకూడదని. ఎలా చెయ్యాలో మాత్రం తెలియలేదు.

దారి ఒక నోటీసు రూపంలో వచ్చింది. ఒకరోజు పొద్దున కబేళా గోడకు మున్సిపాలిటీ కాగితం అంటించారు. 'పశువులు, మాంసంలో మందుల అవశేషాల పర్యవేక్షణ రుసుము' అని పైన పెద్ద అక్షరాలు. ఇకమీదట కోసే ప్రతి జీవానికి, ఇప్పుడు కట్టే ఫీజుకు తోడు ఇంకొంత కట్టాలి. ఆ డబ్బుతో అప్పుడప్పుడు మాంసం ముక్కలు తీసి పెద్ద ల్యాబుకు పంపించి, మందులు మిగిలి ఉన్నాయేమో చూపిస్తారు.

దుకాణాల వాళ్ళంతా దాని ముందు గుమిగూడారు. మా వాళ్ళందరికీ పెద్ద దిక్కు ఒకాయన ఉన్నాడు, మేమంతా మామా అంటాం. ఆయన కళ్ళజోడు లేకుండా సగం చదివి, "మందేంది? గొర్రెలు ఎప్పుడు మందు కొట్టినయ్యిరా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. వైన్ షాపు వాడు కట్టాల్సిన ఫీజు పొరపాటున మనకు అంటించారని ఇంకొకాయన. నవ్వు అయ్యాక కోపం మొదలైంది. ఇప్పటికే లైసెన్సు ఫీజు, కోత ఫీజు, చెత్త ఫీజు. ఇది కూడానా? ఎవరూ కట్టొద్దని అక్కడికక్కడే మాట అనుకున్నారు.

మావారు ఇంటికొచ్చి ఫోన్లో ఫొటో చూపించి, "అంతా వద్దనుకున్నాం" అన్నారు.

నేను ఆ నోటీసు రెండుసార్లు చదివాను. "మీరు వద్దనుకోబాకండి. మనం కడదాం" అన్నాను.

"అందరితో విరోధం తెచ్చుకుంటావా ఏందే?"

"వచ్చే విరోధం వస్తది. మీ అమ్మ పెదవి నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది."

అత్తమ్మ మంచం మీద నుంచి, "కట్టు. నా కొడుకు కట్టకపోతే నేను కడతా" అన్నది.

ఆ వారంలోనే మున్సిపాలిటీ వాళ్ళు మీటింగు పెట్టారు. కబేళా పక్క రేకుల షెడ్డులో కుర్చీలు వేశారు. పశువుల డాక్టరమ్మ, శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చారు. మాంసం వ్యాపారుల మీటింగులకు ఆడవాళ్ళు వెళ్ళే అలవాటు లేదు. నేను బురఖా వేసుకుని మావారి పక్కన కూర్చుంటే చానామంది ముఖం పక్కకు తిప్పుకున్నారు.

మామ లేచి మాట్లాడాడు. "మేం తాతల నాటి నుంచి ఇదే పనిలో ఉన్నాం. జీవాన్ని చూడంగానే జబ్బు ఉందో లేదో చెబుతాం. మీ డాక్టరమ్మ మాంసం మీద ముద్ర వేస్తానే ఉంది. మళ్ళీ ఈ పరీక్షలేంది, ఫీజులేంది?"

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది, మందు కంటికి కనపడదని, తను ముద్ర వేసేటప్పుడు కూడా తనకు తెలియదని.

నేను లేచి నిలబడ్డాను. మా ఇంట్లో జరిగింది మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. కాపరి పేరు మాత్రం చెప్పలేదు.

మామ ముఖం ఎర్రబడింది. "ఏమ్మా, ఈ మాట బజార్లో పడితే రేపటి నుంచి మాంసం ఎవడు కొంటాడు? నీ దుకాణం మూసుకున్నా పర్లేదా నీకు?"

"పడనీ మావా. ఇంకో ఇంట్లో మనిషి పోయాక పడేకంటే ఇప్పుడు పడటమే నయం."

"అయితే ఫీజు కడతానంటావు?"

"కడతా. కానీ నాకు ఒక సంగతి చెప్పాలి" అని డాక్టరమ్మ వైపు తిరిగాను. "మేడమ్, ముక్క తీసుకెళ్ళాక రిజల్టు ఎన్నాళ్ళకొస్తది?"

"వారం, పది రోజులు పట్టొచ్చు. ల్యాబులో రద్దీ ఉంటే ఇంకా ఎక్కువ."

"అప్పటికి ఆ మాంసం తిన్నవాళ్ళకు అరిగి కూడా పోయుంటది గదా!"

అందరూ గొల్లుమన్నారు. మామ చప్పట్లు కొట్టి, "ఇదీ మాట! ఇందుకా మేం డబ్బు కట్టేది?" అన్నాడు. నా ప్రశ్న వాళ్ళకే ఆయుధమైందని నాకు అర్థమైంది. అయినా కూర్చోలేదు.

"మావా, నేను కట్టొద్దని అడగలా. కట్టిన డబ్బు ఎందుకు పనికొస్తదని అడుగుతున్నా. పరీక్షలో మందు దొరికితే ఆ సంగతి మాకు చెప్పాలి, గొర్రె అమ్మినోడికీ చెప్పాలి. అంతటితో కూడా సరిపోదు. సూది వేసిన జీవాన్ని మందు దిగేదాకా ఉంచటానికి ఒక జాగా కావాలి. ఆ ఫీజుతో జాగా చూపించండి. అది లేకపోతే గొర్రె ఒక దుకాణం నుంచి ఇంకో దుకాణానికి తిరగతానే ఉంటది."

ఇన్‌స్పెక్టరు ఆ ఫీజు పరీక్షలకు మాత్రమే సరిపోతుందని, జాగా సంగతి పైవాళ్ళను అడగాలని అన్నాడు. "అడగండి. మీరు అడిగేదాకా నేను మిమ్మల్ని అడుగుతా" అన్నాను. మీటింగు ఏమీ తేలకుండానే అయిపోయింది.

మరుసటి రోజు నుంచి మేం ఒక్కళ్ళమే ఫీజు కట్టాం. కబేళాలో మావారితో ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆయన నోరు మెదపని మనిషి, ఇంటికొచ్చి అన్నం ముందు అలాగే కూర్చునేవారు. చూస్తే బాధేసేది. మానేద్దామా అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు ఆయన. దుకాణం ముందు నేను ఒక బోర్డు పెట్టించాను: ఇక్కడి మాంసం మందుల పరీక్షకు వెళ్తుంది, రిజల్టు అడిగి చూడవచ్చు. పెయింటరు 'మందుల' అన్న మాటను ఎర్రరంగులో మిగతా అన్నిటికన్నా పెద్దగా రాశాడు. దూరం నుంచి చూస్తే మా దుకాణంలో మందులు అమ్ముతున్నట్టుండేది. తుడిపించి మళ్ళీ రాయించాను.

మొదట్లో వచ్చిన రిజల్టులన్నీ మంచివే. ఆ కాగితాలు బోర్డు కింద అంటించేదాన్ని. కొత్తవాళ్ళు కొందరు అది చూసి రావడం మొదలైంది. ఇక కుదురుకుందనుకుంటుండగా డాక్టరమ్మ ఫోన్ చేసింది. మా దుకాణంలో తీసిన ముక్కలో మందు ఉందట, ఉండకూడనంత.

మావారు గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయారు. "అమ్మినోడు సూది వెయ్యలేదని ప్రమాణం చేసి చెప్పాడే. ఇప్పుడేం చేద్దాం?"

"అంటిద్దాం."

"ఇది కూడానా?"

"ఇదే ముఖ్యం. మంచివి అంటించి ఇది దాస్తే మంచివి కూడా అబద్ధమే అయితయ్యి."

అంటించాను. ఆ ముక్క తీసిన రోజు మాంసం కొన్నవాళ్ళలో నాకు గుర్తున్న ఇళ్ళకు ఫోన్ చేసి, ఎవరికైనా దద్దుర్లు, వాంతులు లాంటివి వచ్చాయా అని అడిగాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఒకామె, "చెప్పినందుకు మంచిదమ్మా" అంది. ఇంకొకాయన, ఎప్పటి నుంచో మా దగ్గరే కొనే ఒక మాస్టారు, ఇక మీ గడప తొక్కనని ఫోన్ పెట్టేశాడు. నిజంగానే మళ్ళీ రాలేదు.

ఆ ఆదివారం మామ ఇంకో నలుగురిని వెంటేసుకుని దుకాణానికి వచ్చాడు. "బోర్డు తీసెయ్యమ్మా. నీ దుకాణం ఒక్కటే మునగదు, అందరం మునుగుతాం."

నేను నోరు తెరిచేలోపు లోపలి నుంచి అత్తమ్మ వచ్చింది. ఆమె దుకాణంలోకి వచ్చి చానా కాలమైంది. గల్లా పక్క స్టూలు లాక్కుని కూర్చుంది. "ఒరేయ్, చావబోయింది నేను. నేనే ఇక్కడ కూర్చున్నా. నాకు లేని సిగ్గు నీకేందిరా? నీ దుకాణంలో మాంసం మంచిదైతే నువ్వూ పంపించు పరీక్షకు. కాకపోతే ఆ మాట ఇక్కడే చెప్పిపో" అంది. చిన్నప్పుడు ఆయన్ని ఎత్తుకుని తిప్పిన మనిషి ఆమె. మామ గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. బోర్డు అక్కడే ఉంది.

ఇక జాగా కోసం ఎదురుచూడటంలో అర్థం లేదనిపించింది. మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో ముళ్ళకంచె వేయించి, రేకులు కప్పించి, వెల్దుర్తి వైపు కాపరి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను.

"పెద్దయ్యా, జబ్బు చేసినదానికి సూది వెయ్యి. చెవికి రంగు పూసి, ఏ రోజు వేశావో చెప్పి మాకు తోలు. మందు దిగేదాకా మా దొడ్లో ఉంటది. కోసిన రోజు పూర్తి రేటు ఇస్తాం."

"మేత?"

"మాది."

"చస్తే?"

దీని గురించి నేనూ మావారూ ముందే మాట్లాడుకున్నాం. "చస్తే సగం నష్టం నీది, సగం మాది."

"మీ మామయ్య కూడా ఇట్టాగే బేరం చేసేవాడు. ఎదుటోడికి కాదనటానికి ఏం మిగల్చడు" అన్నాడు. మర్నాడే చెవికి నీలం రంగు పూసిన గొర్రెను తోలాడు.

పని సుఖంగా సాగిందని చెప్పను. ఒకటి చచ్చిపోయింది. అనుకున్నట్టే నష్టం పంచుకున్నాం. వర్షాలకు దొడ్డి బురదై, వాసనకు పక్కింటివాళ్ళు గొడవ చేశారు. పొద్దున్నే లేచి మేతకు సుబాబుల్ కొమ్మలు నరికి తెచ్చే పని నా మీద పడింది. నా అరచేతులు మావారి చేతుల్లా అయ్యాయి. కానీ ఇంకో ఇద్దరు కాపర్లు అడిగి మరీ వచ్చారు. జబ్బు గొర్రెను హడావుడిగా చవకకు తెగనమ్ముకోవడం కన్నా ఇది వాళ్ళకు మేలుగా కనపడింది. దొడ్లో ఉంచి కోసినవాటి ముక్కలు పరీక్షకు వెళ్తే ఒక్కదాంట్లో కూడా మందు రాలేదు.

ఆ రిజల్టులన్నీ పట్టుకుని మున్సిపాలిటీ ఆఫీసుకు తిరిగాను. డాక్టరమ్మ నాకు తోడొచ్చింది. వెళ్ళినప్పుడల్లా ఒకే మాట: కబేళా వెనక పనికిరాకుండా పడి ఉన్న జాగాకు కంచె వేసి ఇవ్వండి. కమిషనరు ఒకరోజు విసుగొచ్చి, "ఏమ్మా, మీకు ఇంట్లో పని లేదా?" అన్నాడు. "చానా ఉంది సార్. ఇది అయిపోతే పోయి చేసుకుంటా" అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది. అప్పుడే వచ్చి జాగా చూశాడు. వేసవి వెళ్ళేలోపు కంచె పడింది, నీళ్ళ తొట్టి కట్టారు. వచ్చే ఫీజులో కొంత దాని నిర్వహణకు వాడొచ్చని ఆర్డరు కూడా ఇచ్చారు.

ఆ తర్వాత దుకాణాల వాళ్ళు ఒక్కొక్కరే ఫీజు కట్టడం మొదలుపెట్టారు. మంచితనం పుట్టుకొచ్చి కాదు. కట్టినవాళ్ళకే దొడ్లో చోటు, కొనేవాళ్ళు కూడా రిజల్టు ఏదని అడగడం నేర్చారు. మామ అందరికన్నా చివర కట్టాడు. ఇప్పటికీ కనపడితే ఫీజును తిడతాడు, నన్ను కాదు. ఇంకా దొంగచాటుగా ఇళ్ళ దగ్గర కోసి అమ్మేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు ఏ ఫీజూ లేదు, ఏ పరీక్షా లేదు. అది తలుచుకుంటే కడుపు మండుతుంది.

రిజల్టు ఆలస్యం మాత్రం అలాగే ఉంది. ఒక రోజులోపే సంగతి తేల్చే చిన్న కిట్లు ఉంటాయని డాక్టరమ్మ చెప్పింది. మేం కట్టే డబ్బుతో అవి కొని కబేళాలోనే పెట్టమని అర్జీ రాశాను. ఇక్కడ కాదన్నారు, జిల్లా ఆఫీసులో అడగమన్నారు. అందుకని ప్రతి సోమవారం మాచర్లలో మొదటి బస్సెక్కి నరసరావుపేట వెళ్తున్నాను. పోయిన వారం కౌంటరు దగ్గర అబ్బాయి నన్ను గుర్తుపట్టి, "మళ్ళీ మీరేనా ఆంటీ? ఫైలు ఇంకా పైనే ఉందండి" అన్నాడు.

"పైన ఏ గదిలో ఉందో చెప్పు బాబూ" అని అడిగి, మెట్లెక్కాను.